బకింగ్‌హాం కాలువలో ఉత్తరంగా ఐదు రోజులు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల కథలు రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ప్రయాణం చేసిన ఒక కాలువ గురించి రాస్తాను.

1958 వేసవి. నాకు పదకొండేళ్ళు. మా నాయన మద్రాసులో బియ్యం బస్తాలు దించి తిరిగి వస్తూ నన్ను కూడా పడవలో తీసుకొచ్చారు. బేసిన్ బ్రిడ్జి దగ్గర ఎక్కి, ఎన్నూరు, పులికాట్, శ్రీహరికోట, దుగరాజపట్నం మీదుగా కృష్ణపట్నం చేరడానికి ఐదు రోజులు పట్టింది. ఎండాకాలం దక్షిణపు గాలి కనుక తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే గెడలు వేసేవారు. అదీ కుదరకపోతే ఇద్దరు మనుషులు భుజాన తాడు వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు. లాకు వచ్చిందంటే రెండు తలుపుల మధ్య నీటిమట్టం సరిపడేదాకా ఆగాలి. నాకు అదే పెద్ద వేడుక. ఎదురుగా కట్టెల పడవలు, ఉప్పు పడవలు మద్రాసుకు పోతుండేవి.

"ఎవరు తవ్వారు తాతా దీన్ని?" అని ఒక రాత్రి పడవ తండేలును అడిగాను.

"గంజి తాగి తవ్వారు అబ్బయా, కరువులో" అన్నాడు.

ఆ మాట సగం నిజమని ఉద్యోగంలో చేరాక చదివి తెలుసుకున్నాను. బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు కాలువ మొదలుపెట్టాడు. 1837లో ప్రభుత్వం దాన్ని తీసుకుని, దఫదఫాలుగా ఉత్తరాన పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా పొడిగించింది. మొత్తం సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 మన రాష్ట్రంలోనివే. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ కలిసి కృష్ణదాకా దారి ఏర్పడింది. 1876-78 నాటి ధాత కరువులో ఆకలితో వచ్చిన జనం చేత మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య ఎనిమిది కిలోమీటర్లు తవ్వించి, ఉత్తర దక్షిణ భాగాలను కలిపారు. 1878లో గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. తవ్విన వారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

1899లో రైలు మార్గం మద్రాసును బెజవాడతో కలిపింది. తరువాత లారీలు వచ్చాయి. 1965, 1966 తుఫానులు కాలువను బాగా దెబ్బతీశాయి.

ఇక నా సంగతి చెప్పాలి. 1973లో నేను గుమాస్తాగా ఉన్న కార్యాలయానికి, కాలువకు అడ్డంగా తూములు వేసి బాట కట్టే ఫైలు వచ్చింది. తూములు వేస్తే నీరు పోతుంది గాని పడవ పోదు. "ఈ భాగంలో పడవలు తిరగడం లేదు" అని నోటు రాసింది నేనే. ముందు వారమే అక్కడ ఒక కట్టెల పడవను చూశాను. పైవారు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ బాట పడింది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. సముద్రపు నీటిని ఈ కాలువ చాలాచోట్ల తనలో పట్టుకుని, వెనుకనున్న పల్లెలకు తాకిడి తగ్గించిందని తరువాత పరిశీలించినవారు చెప్పారు. పనికిరాదని మనం ఫైళ్ళలో రాసిన కాలువ ఆ రోజున పనికివచ్చింది. 2008లో దీన్ని నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. నేను వచ్చిన దారిలో మళ్ళీ సరుకు పడవ మాత్రం నా కంటపడలేదు.

మిత్రులారా, లాకుల దగ్గర, కాలువ గట్ల మీద పనిచేసినవారు మీలో ఉంటే చూసినది చూసినట్టు రాయండి. 1973లో నేను ఆ పని చేయలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.