డాష్‌క్యామ్ ఉంది, ఫుటేజీ లేదు: కారు కెమెరా ఎక్కడ మొరాయిస్తుంది?

హైవే మీద పక్క లేన్‌లోని లారీ ఉన్నట్టుండి అడ్డం తిరిగి కారు బంపర్‌ను ఊడగొట్టింది. తప్పు ఎవరిదన్న వాదన మొదలైంది. కారు యజమాని ధీమాగా డాష్‌క్యామ్‌లోంచి మెమరీ కార్డు తీసి చూస్తే అందులోని చివరి వీడియో మూడు వారాల కిందటిది. ఆ మూడు వారాలూ కెమెరా తెర రోజూ వెలుగుతూనే ఉంది. కార్డు మీద మాత్రం ఒక్క ఫ్రేమూ పడలేదు.

డాష్‌క్యామ్‌తో వచ్చే అసలు చిక్కు ఇదే. టీవీ చెడిపోతే ఆ పూటే తెలుస్తుంది. ఫ్రిజ్ ఆగిపోతే మర్నాటికి పాలు విరిగి చెబుతాయి. డాష్‌క్యామ్ చెడిపోయిన సంగతి మాత్రం ప్రమాదం జరిగిన రోజే బయటపడుతుంది. వేలు పోసి కొన్న కెమెరా కంటే దాన్ని నెలకోసారి పరీక్షించే అలవాటుకే ఎక్కువ విలువ ఉంటుందనడం అందుకే.

ముందు అనుమానించాల్సింది మెమరీ కార్డునే

కార్డు నిండగానే పాత వీడియోను చెరిపి, ఆ చోటులో కొత్తది రాసుకుంటూ పోవడం ఈ కెమెరాల పద్ధతి. దీన్నే లూప్ రికార్డింగ్ అంటారు. ఫుల్ హెచ్‌డీ కెమెరా సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున రాస్తుందనుకుంటే గంటకు దాదాపు 6.75 జీబీ అవుతుంది. ఆ లెక్కన 64 జీబీ కార్డులో తొమ్మిది గంటలకు మించి పట్టదు. రోజూ మూడు గంటలు తిరిగే కారులో మూడు రోజులకోసారి కార్డు మొత్తం చెరిగి మళ్లీ నిండుతుంది. అంటే ఏడాదికి సుమారు 120 సార్లు. క్యాబ్ అయితే ఈ సంఖ్య మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది.

ఫ్లాష్ మెమరీ ఎన్నిసార్లు రాసి చెరపడానికి తట్టుకుంటుందన్నదానికి ఒక హద్దు ఉంది. ఫోన్‌లోనో స్టిల్ కెమెరాలోనో వాడే కార్డుకు ఆ హద్దు సాధారణంగా ఎదురుకాదు. డాష్‌క్యామ్‌లో తప్పకుండా ఎదురవుతుంది. సాధారణ కార్డుల వారంటీ నుంచి డాష్‌క్యామ్ వాడకాన్ని కొన్ని తయారీ సంస్థలు స్పష్టంగా మినహాయించడానికి కారణం ఇదే. నిరంతర రికార్డింగ్ కోసం ‘హై ఎండ్యూరెన్స్’ పేరుతో విడిగా కార్డులు దొరుకుతాయి. ధర కొంచెం ఎక్కువే అయినా ఇక్కడ పిసినారితనం పనికిరాదు. అవి కూడా శాశ్వతం కావు. రోజూ ఎక్కువసేపు తిరిగే కారులో ఏడాది, రెండేళ్లకు కార్డు మార్చడం మంచిది.

నకిలీ కార్డులది మరో బెడద. పైన 128 జీబీ అని ముద్ర ఉంటుంది. లోపల ఉండేది 16 జీబీయే కావచ్చు. ఆ హద్దు దాటాక రాసిందంతా గాలిలో కలిసిపోతుంది, ఫైళ్ల పేర్లు మాత్రం వరుసగా కనిపిస్తూనే ఉంటాయి. కొత్త కార్డు కొన్నప్పుడు ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో పరీక్షిస్తే ఈ మోసం ఒక్క రోజులో బయటపడుతుంది.

కార్డు బాగానే ఉన్నా ‘మెమరీ నిండింది’ అన్న సందేశం పదేపదే వస్తుంటే తప్పు జీ-సెన్సర్‌ది అయి ఉండొచ్చు. కుదుపు తగిలినప్పుడు అప్పటి వీడియోను చెరిగిపోకుండా తాళం వేయడం ఈ సెన్సర్ పని. మన రోడ్ల మీద గుంతకో స్పీడ్ బ్రేకర్‌కో కూడా అది ప్రమాదం జరిగిందనుకుంటుంది. ఇలా తాళం పడిన ఫైళ్లు పేరుకుపోతే కొత్త వీడియోకు చోటుండదు. సెట్టింగ్స్‌లో సెన్సర్ సున్నితత్వాన్ని ‘లో’కు తగ్గించాలి. నెలకోసారి, అవసరమైన వీడియోలను దాచుకున్నాక, కార్డును ఫార్మాట్ చేయాలి. ఆ పని కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే చేయాలి. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. కొన్ని కెమెరాలకు ఫ్యాట్32 తప్ప మరొకటి అర్థం కాదు.

ఎండలో నిలిపిన కారు

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది. అద్దాలన్నీ బిగించి ఎండలో నిలిపిన కారులో, ముందు అద్దానికి ఆనుకుని ఉన్న వస్తువు అంతకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. చవక కెమెరాల్లో ఉండే చిన్న లిథియం బ్యాటరీకి ఇది పెద్ద గండం. అది ముందు ఛార్జింగ్ నిలుపుకోలేకపోతుంది, తర్వాత ఉబ్బుతుంది. కెమెరా వెనుక మూత విడిపోతున్నా, తెర పైకి లేస్తున్నా దాన్ని వెంటనే కారులోంచి తీసేయాలి. మళ్లీ ఛార్జ్ చేయడం, మూత నొక్కి అతికించడం, బ్యాటరీని గుచ్చడం ప్రమాదకరం. నేరుగా ఈ-వ్యర్థాల కేంద్రానికి పంపాల్సిందే.

ఇక్కడి వాతావరణానికి బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరాయే నయం. వేడిని అది మెరుగ్గా తట్టుకుంటుంది. కొనేటప్పుడు 4కే, 2కే అంకెల మీద ఉండే మోజులో సగమైనా ఈ ఒక్క విషయం మీద పెడితే చాలా సమస్యలు రావు.

ఎండ తగలకుండా పెట్టే వెండి రంగు సన్‌షేడ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. కెమెరా అద్దానికీ షేడ్‌కూ మధ్యలో ఇరుక్కుంటే నేరుగా పడే ఎండకు షేడ్ తిప్పికొట్టే వేడి తోడవుతుంది. ఎక్కువసేపు ఎండలో నిలపాల్సి వస్తే కెమెరాను విప్పి గ్లవ్ బాక్సులో పెట్టడం ఉత్తమం.

కరెంటు చాలకపోతే

దారిలో కెమెరా దానంతటదే ఆగి, మళ్లీ మొదలవుతోందంటే ముందు కేబుల్‌ను, ఛార్జర్‌ను మార్చి చూడాలి. చాలా డాష్‌క్యామ్‌లకు 5 వోల్టుల వద్ద 1.5 నుంచి 2 ఆంపియర్లు కావాలి. మ్యూజిక్ సిస్టమ్ పక్కనుండే యూఎస్‌బీ పోర్టు కొన్ని కార్లలో అర ఆంపియర్‌కు మించి ఇవ్వదు. కెమెరాతో వచ్చిన ఛార్జర్‌నే 12 వోల్టుల సాకెట్‌లో పెట్టి వాడాలి. నాసిరకం ఛార్జర్ పెడితే ఎఫ్ఎం రేడియోలో గరగర వస్తుంది. కొన్నిసార్లు కెమెరాకు జీపీఎస్ సిగ్నల్ కూడా అందదు.

కారు ఆపి ఉన్నప్పుడూ కాపలా కాసే పార్కింగ్ మోడ్ కోసం ఫ్యూజ్ బాక్స్ నుంచి వైరు లాగించుకునేవారు కటాఫ్ వోల్టేజీ ఎంత పెట్టారో మెకానిక్‌ను అడిగి తెలుసుకోవాలి. నిండుగా ఉన్న కారు బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12కు వచ్చిందంటే ముప్పాతిక వంతు ఖాళీ అయినట్టే. కటాఫ్ 11.6 దగ్గర వదిలేస్తే తెల్లారి కారు స్టార్ట్ కాకపోవచ్చు. ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో వైరు ఆ బ్యాగ్ వెనుక నుంచి పోవాలి, దాని ముందు నుంచి కాదు.

చివరి ఫైలు తెరుచుకోకపోతే

గట్టి దెబ్బ తగిలినప్పుడు తరచూ కరెంటే ముందు పోతుంది. కెమెరాలో ఉండే బ్యాటరీ లేదా కెపాసిటర్ ఉన్నది ఆ కొద్ది సెకన్ల కోసమే. రాస్తున్న ఫైలును సక్రమంగా మూసేదాకా అది కెమెరాను నిలబెట్టాలి. అది బలహీనపడితే సరిగ్గా ప్రమాదం ఉన్న ఎంపీ4 ఫైలే తెరుచుకోదు. దృశ్యాలు కార్డు మీదే ఉంటాయి, వాటిని ఎలా చదవాలో చెప్పే సూచిక మాత్రం రాయకుండానే మిగిలిపోతుంది. ఇలాంటి ఫైలును అదే కెమెరా తీసిన మరో మంచి వీడియో ఆధారంగా బాగుచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కాబట్టి ‘ఫైలు పాడైంది’ అన్న సందేశం చూసి కార్డును ఫార్మాట్ చేయకూడదు. ముందుగానే లోపం కనిపెట్టాలంటే రికార్డింగ్ నడుస్తుండగా ప్లగ్ పీకి, చివరి వీడియో ఆడుతుందో లేదో చూస్తే చాలు.

తేదీ, సమయం కూడా అప్పుడప్పుడు చూసుకోవాలి. లోపలి బ్యాటరీ అయిపోతే గడియారం మొదటికి వచ్చి ఎప్పటిదో పాత తేదీ చూపుతుంది. జీపీఎస్ ఉన్న కెమెరాలో టైమ్ జోన్‌ను ప్లస్ 5:30గా పెట్టకపోతే మధ్యాహ్నం ప్రమాదం ఉదయం జరిగినట్టు నమోదవుతుంది. మసక వీడియోకు తరచూ కారణం లెన్స్ కాదు, కారు అద్దం లోపలి వైపు పేరుకునే జిడ్డు పొర. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే పోతుంది. రాత్రిపూట ఎదుటి బండి నంబర్ ప్లేటు కనిపించకపోవడం మాత్రం ఖరీదైన కెమెరాల్లోనూ ఉండేదే.

ప్రమాదం జరిగాక

క్షతగాత్రుల సంగతి చూశాక చేయాల్సిన మొదటి పని కెమెరాకు కరెంటు ఆపడం. నడుస్తూ ఉంటే కావలసిన వీడియో మీదే కొత్తది రాసేయవచ్చు. అలా రాసేసిన దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కెమెరా పూర్తిగా ఆగాకే కార్డు తీసి, కంప్యూటర్‌లోకి నకలు చేసుకుని, అసలు కార్డును అలాగే భద్రపరచాలి. దాని స్థానంలో వేరే కార్డు వేసుకోవాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించుకుపోయి, అందులోని కొంత సమాచారం రాలిపోతుంది. బంధువులకు చూపడానికి అది సరిపోతుంది గానీ సాక్ష్యానికి పనికొచ్చేది అసలు ఫైలే.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టుకు ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగాన్ని సమర్పించే పక్షం, మరో భాగాన్ని నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. వీడియోలో ఒక్క సెకను కత్తిరించినా, మూలన పేరు ముద్రించినా ఆ విలువ మారిపోతుంది. అందుకే ముందూ వెనుకా ‘అనవసరం’ అనిపించిన భాగాన్ని కూడా కత్తిరించకుండా మొత్తం ఫైలునే ఇవ్వాలి.