పాత చిట్టా, కొత్త శిక్ష

1910లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ జైలు చూడడానికి హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్, ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ వెళ్ళారు. అక్కడ గొర్రెలు కాస్తూ డేవిడ్ డేవీస్ అనే ముసలి ఖైదీ కనబడ్డాడు. చర్చి హుండీలోంచి రెండు షిల్లింగులు కాజేసినందుకు మూడేళ్ళ కఠినశిక్ష, ఆపైన పదేళ్ళ 'నివారక నిర్బంధం' పడ్డాయతనికి. రెండు షిల్లింగులకి పదమూడేళ్ళా అని నేనూ మొదట విస్తుపోయాను. ఆ పదేళ్ళూ అతని పాత చిట్టాకి.

1908 నాటి చట్టం ప్రకారం, మూడు పాత శిక్షలుండి, నేరమే వృత్తిగా బతుకుతున్నాడని జ్యూరీ తేలిస్తే 5 నుంచి 10 ఏళ్ళు అదనంగా ఉంచవచ్చు. హెర్బర్ట్ గ్లాడ్‌స్టన్ తెచ్చిన ముసాయిదాలో ఆ గడువైనా లేదు. పార్లమెంటు ఒప్పుకోక పరిమితి పెట్టింది. చర్చిల్ జాలిపడి డేవీస్‌ని ఒక పొలంలో పనికి కుదిర్చాడు. ఆ పెద్దమనిషి కొద్దిరోజులకే అక్కణ్ణించి ఉడాయించాడు! పత్రికలు నవ్వుకున్నా, నిజంగా ప్రమాదకరమైనవారికే ఈ నిర్బంధం వర్తించాలని 1911లో చర్చిల్ ఉత్తరువు వెలువరించాడు. (సరిగ్గా ఆ ఏడాదే నేరస్థ జాతుల చట్టాన్ని ఆంగ్లేయులు మన మద్రాసు రాజధానికీ విస్తరించారు. అక్కడ చిట్టా, ఇక్కడ పుట్టుక.)

నూరేళ్ళు తిరక్కుండానే ఆ గడువు లేని శిక్ష చట్టమయింది. 2003 చట్టం కింద 2005 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన 'ప్రజారక్షణార్థ కారాగారవాసం'లో జడ్జి కనీసకాలం మాత్రమే చెబుతాడు. అది తీరాక తనవల్ల ప్రమాదం లేదని పెరోల్ బోర్డుని ఒప్పించగలిగితేనే విడుదల.

ఆ చట్టం 229వ సెక్షను దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పాత శిక్ష లేనివాడి విషయంలో జడ్జి తన వివేకాన్ని వాడుకోవచ్చు. జాబితాలోని 153 నేరాలలో ఏ ఒక్కదానికైనా లోగడ శిక్షపడ్డ వయోజనుడైతే మాత్రం, అసమంజసమని తోస్తే తప్ప, అతణ్ణి ప్రమాదకారిగా భావించి తీరాలి. ఆ జాబితాలో వీధికొట్లాట కూడా ఉంది. అంటే ఎప్పుడో వీధిలో కలబడినవాడు తర్వాత దోపిడీకి పాల్పడితే, ఆ కొట్లాటే భవిష్యత్తుకి సాక్ష్యం. 2005లోనే లాంగ్ కేసులో అప్పీలు కోర్టు ఈ నిబంధనను కొంత సడలించింది. దోపిడీ చేసినవాడల్లా మున్ముందు ఘోరమైన హాని చేస్తాడని చెప్పలేమంది.

జైళ్ళలో మరో చిక్కు. మారానని చూపించడానికి పూర్తిచేయవలసిన శిక్షణ తరగతులే చాలామందికి అందలేదు. ఇది స్వేచ్ఛాహక్కుకి భంగమని 2012లో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం తేల్చింది.

2008లో ఆ 'భావించి తీరాలి' అన్న నిబంధన తొలగించారు. 2012లో శిక్షనే రద్దుచేశారు. అప్పటికి 8,711 శిక్షలు పడ్డాయి. చట్టం తెచ్చిన డేవిడ్ బ్లంకెట్ తర్వాత్తర్వాత పశ్చాత్తాపం చెందాడు. కానీ రద్దు పాతవారికి వర్తించలేదు. నా దృష్టిలో అసలు అన్యాయం ఇదే. వారందరికీ కొత్తగా శిక్ష నిర్ణయించాలని 2022లో పార్లమెంటు న్యాయ సంఘం సిఫారసు చేస్తే, 2023లో ప్రభుత్వం తోసిపుచ్చింది. 2024 మార్చి నాటికి ఒక్కసారైనా విడుదల కానివారు వెయ్యిమందికి పైగా మిగిలారు.