తుంటి విరిగిన వృద్ధులు – ఇద్దరు వైద్యుల పొత్తు

అవుకులో డెబ్బదియైదేండ్ల అవ్వ యొకతె తెల్లవారుజామున తడి వాకిట జారిపడినదనుకొందము. లేవలేకున్నది. కాలు పొట్టియై, పాదము బయటికి తిరిగియున్నది. ఇంటివారికి మొదట తోచునది పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగ్రుడ్డు సొన పూసి వెదురు బద్దలతో వేయు ఆ కట్టునకు తెలుగునాట గొప్ప పేరు కలదు. ముంజేతి ఎముక విరిగినచో బద్దలు దానిని కదలనీయవు. ఎముక తనంతట తానే అతుకును.

తొడ ఎముక మెడ సంగతి వేరు. అది కండల నడుమ లోతున నున్నది. ఏ బద్దయు దానిని పట్టియుంచజాలదు. అంతేకాదు, ఎముక తలకు నెత్తురు తెచ్చు సన్నని నాళములు ఆ మెడ మీదుగానే పోవును. మెడ విరిగినప్పుడు అవియు తెగవచ్చును. నెత్తురు లేనిచో అతుకుట ఎట్లు? మెడకు దిగువ విరిగిన ఎముక అతుకును గాని, కట్టుతో నెలలు పట్టును. ఆ నెలలే ప్రమాదము. కదలక పడియున్న వృద్ధులకు వీపున పుండ్లు, ఊపిరితిత్తులలో నెమ్ము, కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టుట – ఇవి ప్రాణము తీయును.

లండను శస్త్రవైద్యుడు సర్ ఆస్ట్లీ కూపర్ 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని గ్రహించెను. అతుకని కాలిని దాని పాటికి వదలి, మనిషి ఆరోగ్యమును చూడవలెననియు, కొద్దికాలము దిండుపై నుంచి పిదప చంకకర్రలతో లేపవలెననియు ఆయన సలహా. కాలు కుంటిదగును గాని మనిషి మిగులును. నూరేండ్లు ఇంతకు మించిన ఉపాయము దొరకలేదనవచ్చును.

1925లో బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ మూడు రెక్కల మేకు నొకదానిని ఎముకలోనికి దింపి విరిగిన తునకలను బిగించెను. ఎముక సమస్య చాలవరకు తీరినట్లే తోచెను. కాని మేకు బాగుగ దిగిన పిదపను ముసలివారు చనిపోవుచునే యుండిరి. గుండె బలహీనత, మధుమేహము, ఆకలి లేమి, రాత్రివేళ మతి తప్పుట – వీనిని ఎముకల వైద్యుడు చూడడు. చూడగల వైద్యుడు ఆ వార్డునకు రాడు.

ఇంగ్లండులో మార్జొరీ వారెన్ 1935 నుండి, మంచములకే విడిచిపెట్టబడిన వృద్ధరోగులను ఒక్కొక్కరినే పరీక్షించి, నడిపించి, ఎందరినో ఇండ్లకు పంపెను. లయొనెల్ కాజిన్ 1940లలో తుంటి విరిగిన వారికి ఆపరేషను చేసి త్వరగా లేపుచుండెను. అసలు పొత్తు కుదిరినది హేస్టింగ్స్‌లో. అది విశ్రాంత జీవులు చేరు సముద్రతీరపు పట్టణము. అచట ఎముకల వైద్యుడు మైకేల్ డేవాస్, వృద్ధవైద్యుడు ఇర్విన్ కలిసి రోగులను చూచుట మొదలిడిరి. డేవాస్ పట్టుదల యేమనగా, ఆపరేషనైన వెంటనే రోగి తన బరువును కాలిపై మోపగలుగవలెను. అట్లు మోపనీయని ఆపరేషను వృద్ధులకు పనికిరాదు. నర్సు, వ్యాయామ చికిత్సకుడు, ఇంటి వసతి విచారించువారు – అందరును ఆ పనిలో పాలివారే.

ఇది మంచిమాట మాత్రమేనా, కొలతకు నిలుచునదేనా? నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో 397 మందిని రెండు పాళ్లు చేసి, ఒక పాలును వృద్ధవైద్య వార్డునందును, రెండవ పాలును మామూలు ఎముకల వార్డునందును ఉంచిరి. నాలుగు నెలల పిదప మొదటివారి నడక మెరుగుగా నుండెనని 2015లో ప్రకటించిరి. ఇంగ్లండులో 2010 నుండి, 36 గంటలలో ఆపరేషను, వృద్ధవైద్యుని పరీక్ష మున్నగు నియమములు పాటించిన ఆసుపత్రికి అదనపు సొమ్ము ముట్టుచున్నది. సొమ్ము ముడిపెట్టుట కొందరికి రుచింపకపోవచ్చును. పని మాత్రము జరిగినది.

మరల అవుకునకు వత్తము. 2005లో తెలుగునాట మొదలైన 108 బండి నేడు పిలిచినచో వచ్చును. కర్నూలున వైద్యకళాశాల 1956 నుండి కలదు. నంద్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో తెరచిరి. అవ్వకు కొరత మేకు కాదు, గంటలు. తైలముతో మర్దనా చేయించి, కట్టు వేయించి, వారము చూచి బయలుదేరినచో ఆ వారములోనే పుండు లేచును. కాలిని లాగక, దిండ్ల నడుమ కదలకుండ నుంచి, ఆమె మ్రింగు మాత్రల సంచిని కూడ బండిలో పెట్టవలెను. ఆసుపత్రిలో ఎముకల వైద్యుని అడుగవలసినవి రెండు ప్రశ్నలు: గుండెను, చక్కెరను చూచు వైద్యుడు ఈమెను ఎప్పుడు చూచును? ఆపరేషను మరునాడు ఈమెను నిలువబెట్టుదురా?