హెర్పిస్ సింప్లెక్స్ యాంటీబాడీ పరీక్ష

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ఎప్పుడైనా సోకిందా అన్నది రక్తంలోని యాంటీబాడీలను బట్టి తేల్చే పరీక్ష ఇది. పొక్కులు ఎన్నడూ కనిపించని వాళ్లలోనూ వైరస్ నాడీకణాల్లో జీవితాంతం దాగి ఉంటుంది కాబట్టి దీని అవసరం ఏర్పడింది.

పెద్దవాళ్లలో చాలామంది రక్తంలో ఈ యాంటీబాడీలు ఉంటాయనీ, పొక్కులు మాటిమాటికీ తిరగబెట్టేది వాళ్లకేననీ 1930లో ఆండ్రూస్, కార్మైకేల్ గమనించారు. యాంటీబాడీలుంటే జబ్బు రాకూడదు కదా! చిన్ననాడే సోకిన వైరస్ ఒంట్లోనే ఉండిపోయి మళ్లీ మళ్లీ పైకొస్తుందని 1939లో మెల్‌బోర్న్‌లో బర్నెట్, విలియమ్స్ ఆ చిక్కు విప్పారు. బర్నెట్ పద్ధతిలో, పొదిగిన కోడిగుడ్డులోని పొరమీద వైరస్ వేస్తే మచ్చలు లేచేవి. పరీక్షించే వ్యక్తి సీరం కలిపి వేసినప్పుడు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టేవారు.

వైరస్‌లో రెండు రకాలున్నాయని 1962లో జర్మనీలో ష్నెవైస్ తేల్చాడు. ఎక్కువగా నోటి దగ్గర కనిపించేది మొదటి రకమనీ, జననాంగాల దగ్గర కనిపించేది రెండోదనీ 1968లో నహ్మియాస్, డౌడిల్ చూపారు. అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. రెండింటి జన్యుపదార్థం చాలావరకు ఒకేలా ఉంటుంది. ఒకదాని యాంటీబాడీ రెండోదాన్నీ పట్టుకుంటుంది. యాంటీబాడీ ఉందని చెప్పడం తేలికే, అది ఏ రకానిదో చెప్పడమే ఇరవై ఏళ్ల పని అయింది.

దారి చూపింది 1980లలో గుర్తించిన గ్లైకోప్రొటీన్-జి అనే వైరస్ ప్రొటీన్. ఇది రెండు రకాల్లో బాగా వేరుగా ఉంటుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడా ఆష్లే బృందం తీర్చిదిద్దిన వెస్టర్న్ బ్లాట్ నేటికీ గీటురాయి. వైరస్ ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి, పలచని పొర మీదికి ఎక్కించి, సీరంలో నానబెడతారు. యాంటీబాడీ అంటుకున్నచోట చార తేలుతుంది. చారలు కలగాపులగంగా ఉంటే, ఒక రకం యాంటీబాడీలను ముందే పీల్చేసి మళ్లీ చూస్తారు.

గ్లైకోప్రొటీన్-జి ఆధారంగా వచ్చిన కొత్త పరీక్షతో జరిపిన సర్వేలో అమెరికాలో పన్నెండేళ్లు దాటినవారిలో 21.9 శాతం మందికి రెండో రకం సోకిందని 1997లో వెల్లడైంది. తమకు జననాంగ హెర్పిస్ ఉందని చెప్పినవాళ్లు వాళ్లలో పదోవంతు కూడా లేరు.

అక్కడ వాడుకలోకి వచ్చిన ఎలైసా అనే యాంటీబాడీ పరీక్ష కిట్లలో ఫలిత సూచిక 1.1 దాటితే పాజిటివ్ అంటారు. అయితే 3.0 లోపు వచ్చిన ఫలితాల్లో తప్పుడువి తక్కువేమీ కావు. అందుకే వాటిని మరో పద్ధతిలో ధ్రువీకరించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంటుంది. లక్షణాలు లేనివారికి ఈ పరీక్ష వద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2016లోనూ, 2023లోనూ చెప్పింది.

మన దేశంలో గర్భస్రావం జరిగినప్పుడు రాసే ‘టార్చ్’ పరీక్షల్లో కొత్త ఇన్‌ఫెక్షన్‌కు గుర్తుగా చూసే హెర్పిస్ ఐజీఎం యాంటీబాడీ కూడా ఉంటుంది. కానీ పాత ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టినా ఐజీఎం రావచ్చు, పైగా రకమేదో అది చెప్పదు. కాబట్టి అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన గర్భస్రావానికి హెర్పిసే కారణమని తేలినట్టు కాదు.