పండుగకు నానబోసిన బియ్యము
(1942 నాటి పిల్లల జ్ఞాపకములు)



సమూయేలు రెండవ గ్రంథము 4వ అధ్యాయములో ఒకే ఒక వచనమున ఒక బిడ్డ సంగతి వ్రాయబడియున్నది. సౌలును యోనాతానును యుద్ధమందు కూలిరను వార్త యెజ్రెయేలునుండి వచ్చినప్పుడు అయిదేండ్ల మెఫీబోషెతును దాది యెత్తుకొని పరుగెత్తెను. ఆ తొందరలో పిల్లవాడు పడి జీవితాంతము కుంటివాడాయెను. యుద్ధములు చేసిన రాజులనుగూర్చి ఆ గ్రంథములో అధ్యాయములకు అధ్యాయములున్నవి. యుద్ధము ఏమియో యెరుగని ఆ బిడ్డకు దొరికినది ఒక్క వచనమే. అయినను ఆ ఒక్క వచనము ఎవరో జ్ఞాపకముంచుకొని చెప్పినందుననే గదా, తరువాత 9వ అధ్యాయములో దావీదు బల్లయొద్ద కూర్చున్న ఆ కుంటివాడెవడో మనకు తెలియుచున్నది!

ఈ నెల నేను వ్రాయబూనినది అట్టి పిల్లలనుగూర్చియే. వారు పరదేశపు పిల్లలు కారు. మన సంఘములలోనే చాపల చివర, గోడకు చేరగిలబడి కూర్చుండి, కన్నులు మూసికొని పాటలు పాడిన ముసలివారే వారు.

మన తీరపు జిల్లాలనుండి, గంజాము మొదలుకొని గోదావరివరకు, పేదవారు తరతరములుగా ఓడల డెక్కులమీద బర్మాకు పోవుచుండిరి. కోరంగి రేవు పేరునుబట్టి అక్కడివారు మనవారిని కోరంగీలని పిలిచిరి. రేవులో బరువులు మోయుటకును, బియ్యపు మిల్లులలో పనిచేయుటకును, వరికోతలకును మనవారే ఎక్కువగా పోయిరి. 1931 జనాభా లెక్కనాటికి రంగూను పట్టణపు జనులలో సగమునకు మించి భారతీయులే. బర్మా మొత్తమున తెలుగువారు లక్షన్నర వరకుండిరి. అది సుఖముగా సాగిన కాపురము కాదు. 1930 మే నెలలో మన రేవు కూలీలు సమ్మె కట్టగా, వారి స్థానమున బర్మావారిని పెట్టిరి. సమ్మె ముగియగానే ఆ బర్మావారిని పంపివేసిరి. ఆ మంట అల్లరియై అనేకుల ప్రాణములు తీసెను.

అటుపిమ్మట జపాను యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23వ తేదీ పగటివేళ రంగూనుమీద మొదటిసారి బాంబులు పడెను. అట్టి దాడి యెన్నడును చూడని జనము వీధులలో నిలువబడి ఆకాశమువైపు చూచుచుండగా చచ్చినవారు వెయ్యికి మించిరి. క్రిస్మసు దినమున విమానములు మరల వచ్చెను. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమాయెను. ఓడలలో చోటు దొరకినవారు కొందరే. తక్కినవారు కాలినడకను బయలుదేరిరి. కొందరు ప్రోము పట్టణమువద్ద ఐరావతి దాటి, అరకాను కొండలెక్కి, టాంగూపు మీదుగా చిట్టగాంగు చేరిరి. మరికొందరు ఉత్తరమునకు పోయి, టాము దారిని మణిపూరు కొండలు దాటిరి. ఇంకను ఉత్తరపు అడవులలోపడి వానలలో చిక్కినవారున్నారు. కొన్నిచోట్ల తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి ఏర్పరచిరని కాంగ్రెసు నాయకులు ఆనాడే నిరసించిరి. మొత్తముమీద 5 లక్షలమందివరకు దేశము చేరిరి. దారిలో చనిపోయినవారిని సరిగా లెక్కించిన వారెవరును లేరు. చరిత్రకారుల అంచనాలు 10 వేలనుండి 50 వేలవరకును, కొందరివి అంతకు మించియు ఉన్నవి. 1975లో హ్యూ టింకరు అను చరిత్రకారుడు దీనిని గూర్చి వ్రాయుచు, మరువబడిన నడక యని పేరుపెట్టెను.

ఇది పుస్తకములవలన నాకు తెలిసిన చరిత్ర. ఇక చాపమీద కూర్చుండి నేను విన్నది చెప్పెదను.

ఇరువది యేండ్ల క్రిందట నేను సేవచేసిన ఒక గ్రామ సంఘములో డెబ్బది దాటిన ఒక మామ్మగారుండిరి. ఆమె తండ్రి రంగూనులో బియ్యపు మిల్లు కూలి. యుద్ధమునాటికి ఆమెకు ఎనిమిదేండ్లు. ఒక డిసెంబరు సాయంకాలమున ఆమె ఇంట ప్రార్థన ముగించి, "మామ్మా, రంగూనులో క్రిస్మసు ఎట్లు చేసికొనెడివారు?" అని అడిగితిని. యుద్ధమునుగూర్చి నేనడుగలేదు. ఆమె కొంతసేపు ఊరకుండి యిట్లనెను:

"అయ్యగారూ, మా అమ్మ అరిసెలకు బియ్యం నానబోసింది. పండగ ఇంకా రెండు రోజులుందనగా. ఆ బియ్యం అలాగే ఉండిపోయింది."

పండుగకు రెండు దినములు ముందనగా డిసెంబరు 23. ఆ తేదీని ఆమె ఏ పుస్తకములోను చదువలేదు. ఆమెకు అక్షరములు రావు. బియ్యపు గిన్నె ఆమెకు ఆ తేదీని నిలిపియుంచెను.

దారి ఊళ్ల పేర్లు ఆమె యెరుగదు. "పెద్ద ఏరు దాటాము, తరువాత అంతా కొండే" అనెను. ఏటికీ కొండకూ నడుమ తాగుటకు నీళ్లు లేవనియు, వెదురుగొట్టముతో నీళ్లు తెచ్చి డబ్బుకు అమ్మిరనియు చెప్పెను. నేను తరువాత పటము తెరచి చూడగా ఆ యేరు ఐరావతియనియు, ఆ కొండ టాంగూపు దారియనియు తెలిసినది. ఆ దారిలో నీటి యెద్దడియు, కలరా తెగులును ఎందరినో తీసికొనిపోయినట్లు చరిత్రకారులును వ్రాయుచున్నారు.

ఆమెకు రెండేండ్ల తమ్ముడుండెను. "నాన్న తమ్ముణ్ని ఎత్తుకున్నాడు, నన్ను ఎత్తుకోలేదు. నాకు నాన్నమీద కోపం. నాలుగో రోజో అయిదో రోజో తమ్ముడికి వాంతులు పట్టుకున్నాయి. మర్నాటికి పోయాడు. అప్పుడు నాన్న నన్ను ఎత్తుకోబోతే, నేను నడుస్తానని ఏడిచాను. ఇల్లు చేరేవరకూ నడిచే వచ్చాను."

ఈ మాట నేటికిని నా చెవిలోనున్నది. చనిపోయినవారి సంఖ్యలు మనకు పుస్తకములలో దొరకును. బ్రతికిన బిడ్డ అరువదేండ్లకు పైగా తన తండ్రి చేతులలోని ఆ ఖాళీ చోటును మోసెనని ఏ పుస్తకము చెప్పగలదు?

ఆమె చెప్పినది మరియొకటి యున్నది. ఆమె తండ్రి బ్రతికినంతకాలము బర్మావారిని దూషించుచుండెను. 1930 నాటి అల్లరిలో అతని తోటికూలీ ఒకడు చంపబడెనట. అయితే ఆమె యిట్లనెను: "నాకు జ్ఞాపకమున్నది మాత్రం కొండదిగువ ఊళ్లో గంజి పోసినామె. ఆమె మన భాష మనిషి కాదు. ముందు నాకు పోసి, తరువాత అమ్మకు పోసింది." తండ్రి చెప్పిన చరిత్రలో ఆ స్త్రీ లేదు. బిడ్డ కన్ను ఆమెను పట్టి దాచుకొనెను. సిరియా దండు చెరపట్టుకొనిపోయిన ఇశ్రాయేలు చిన్నది తన్ను చెరపట్టినవారి యింటనే ఉండి, నయమాను బాగుపడవలెనని కోరుకొనెను గదా! పిల్లల సాక్ష్యములో పెద్దలు తీసివేసిన సంగతులు మిగిలియుండునని నేను ఆ దినమున నేర్చుకొంటిని.

ఆమె తలిదండ్రులతో విశాఖపట్టణము దగ్గరనున్న తాతగారి ఊరు చేరిన కొన్నాళ్లకు మరల విమానముల మ్రోత వినబడెను. "ఎప్పుడు మామ్మా?" అని అడుగగా, "ఈస్టరు మర్నాడు" అనెను. నేను ఇంటికి వచ్చి చూచితిని. 1942లో ఈస్టరు ఏప్రిలు 5. విశాఖపట్టణముమీదను కాకినాడమీదను జపాను బాంబులు పడినది ఏప్రిలు 6, సోమవారము. ఆ దినముననే బంగాళాఖాతములో వర్తకపు ఓడలెన్నో ముంచివేయబడెను. ఆనాడు పేలక మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియములో ఉంచబడినది. పెద్దలు శత్రువు రేవుకొరకు వచ్చెననుకొనిరి. ఆమె యేమనుకొనెనో వినుడి: "రంగూను నుంచి మాకోసం వెతుక్కుంటూ వచ్చాయనుకున్నాను. నేను వీధిలోకి వెళ్లకపోతే ఊరివాళ్లను ఏమీ చెయ్యవనుకుని గాదె వెనక దాక్కున్నాను." తనవలన ఊరికి కీడు వచ్చెనని ఎనిమిదేండ్ల బిడ్డ తలంచెను! ఆ సంగతి అంతకుముందు ఎవరితోను చెప్పలేదట. ఎవరును అడుగలేదట.

ఒక్కటి మాత్రము లెక్కకు కుదరలేదు. వారు నడచినది నలువది దినములని ఆమె చెప్పెను. అది పంచాంగపు లెక్కయో, దేవాలయములో విన్న అరణ్యపు లెక్కయో నేనెరుగను. నేనామెను సరిదిద్దలేదు. ఆమె చెప్పినట్లే నలువది అని వ్రాసికొంటిని. ఎనిమిదేండ్ల పాదములకు ఆ దారి ఎంత పొడవో ఆ మాటవలన తెలియుచున్నది.

ఇట్లు పిల్లలుగా యుద్ధము చూచినవారి మాటలను ఇతర దేశములవారు శ్రద్ధగా ఏర్చి కూర్చుకొనిరి. హిరోషిమాలో అణుబాంబు పడినప్పుడు బాలురైనవారిచేత వ్రాయించిన జ్ఞాపకములను ఒసాదా అరతా అను ఉపాధ్యాయుడు 1951లో గ్రంథముగా వెలువరించెను. జర్మను దండయాత్రనాడు బెలారుసులో పిల్లలైయుండినవారిని వెదకి, వారి మాటలను వారి నోటనే చెప్పించి స్వెత్లానా అలెక్సీయెవిచ్ అను స్త్రీ 1985లో ప్రకటించెను. ఆ గ్రంథము పేరునకు కడపటి సాక్షులని అర్థము. 2015లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చెను. మన కడపటి సాక్షులో? మన చాపలమీదనుండి ఒక్కొక్కరుగా లేచిపోయిరి.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకొనవలెను. అదే సంఘములో ఒక పెద్దాయన యుండెను. ఆయన పదేండ్ల వయస్సున మణిపూరు దారిని నడచి వచ్చినవాడు. కనబడినప్పుడెల్ల, "అయ్యగారూ, ఆ కొండల్లో మేము..." అని మొదలుపెట్టెడివాడు. నాకు కమిటీ కూటమో, కట్టడపు చందాల లెక్కయో ఎదురుచూచుచుండెడిది. ఒక శనివారము సాయంకాలము ఆయన నా వరండాలో వచ్చి కూర్చుండెను. "రేపు ఆరాధన అయిన తరువాత మాటలాడుకొందము, పెద్దయ్యా" అని పంపివేసితిని. మరునాడును నాకు తీరలేదు. ఆ నెలలోనే ఆయనను సమాధి చేసితిమి. ఆయన పుట్టిన సంవత్సరము, పెండ్లి, పిల్లల సంఖ్య అన్నియు చదివితిని. సమాధినుండి తిరిగి వచ్చుచుండగా ఆయన కుమారుడు నన్నడిగెను: "నాన్న ఏ దారిన వచ్చాడో మీకేమైనా చెప్పాడా అయ్యగారూ? మాకు ఎప్పుడూ చెప్పలేదు."

నేనేమి చెప్పగలను? ఆయన చెప్పవచ్చెను, నేను వినలేదు. సెమినరీలో నాకు బోధించుట నేర్పిరి. వినుట నేర్చుకొనుటకు ఒక సమాధి కావలసివచ్చెను.

కాబట్టి ప్రియులారా, ఒక పని చేయుడి. 1942 నాటి పిల్లలలో బ్రతికియున్నవారు నేడు తొంబదికి అటునిటుగా ఉన్నారు. ఉన్నవారు మిక్కిలి కొద్దిమంది. మీ యూరిలో అట్టివారుంటే ఈ వారమే వెళ్లుడి. బర్మాలో అంగళ్లును వ్యాపారములును ప్రభుత్వపరమైన తరువాత, 1964 మొదలుకొని తిరిగి వచ్చిన కుటుంబములవారు విశాఖపట్టణపు బర్మా క్యాంపువంటి చోట్ల స్థిరపడిరి. వారి తలిదండ్రులు చెప్పిన యుద్ధకాలపు సంగతులు వారియొద్దనైనను ఉండవచ్చును.

వెళ్లినప్పుడు యుద్ధమునుగూర్చి అడుగకుడి. ఇంటిని గూర్చి, వంటను గూర్చి, ఎవరు ఎత్తుకొనిరి, ఎవరి చేయి పట్టుకొంటిరి అని అడుగుడి. వారు ఆగినప్పుడు మీ మాటతో ఆ ఖాళీ పూరింపకుడి. వారి మాట వారి యాసలోనే వ్రాసికొనుడి. నేడు ప్రతి యింటను ఫోనున్నది. అది గొంతును సహితము దాచును. పిమ్మట తేదీలను ఊళ్లను సరిచూచి, ఆ మాట ప్రక్కన వ్రాయుడి; దానిని కొట్టివేసి దానిమీద వ్రాయకుడి. చెప్పలేక కన్నీరు పెట్టినయెడల పుస్తకము మూసి, చేయి పట్టుకొని ఊరక కూర్చుండుడి. వారి సెలవు లేక సంఘములో చదువకుడి.

యెహోషువ 4వ అధ్యాయములో యొర్దాను నడుమనుండి పండ్రెండు రాళ్లు తీసి నిలువబెట్టిరి. రాబోవు కాలమున పిల్లలు వాటినిగూర్చి అడిగినప్పుడు తండ్రులు ఉత్తరము చెప్పవలెనని వాటిని నిలిపిరి. అయితే ఆ రాళ్లు తమంతట తాము ఒడ్డునకు రాలేదు. ఒక్కొక్కరు వంగి, భుజముమీద పెట్టుకొని మోసికొని వచ్చిరి.

ఆ మామ్మగారును ఇప్పుడు లేరు. ఆమె మాటలు నా పాత నోటు పుస్తకములో ఏడు పుటలున్నవి. ఆమె మనుమరాలు ప్రతి క్రిస్మసుకు అరిసెలకు బియ్యము నానబోయుటకు ముందు ఆ ఏడు పుటలును ఇంటివారికి చదివి వినిపించునట. ఆ పెద్దాయన ఇంటిలో చదువుటకు ఏమియు లేదు. ఆ లోటు నావలన కలిగినది. మీ సంఘములో అట్టి లోటు కలుగకుండ దేవుడు మనకు వినుచెవులను దయచేయును గాక. ఆమేన్.