ఒకరు డైవర్, ఒకరు స్నార్కెలర్: ఇద్దరికీ సరిపోయే సముద్రం ఎక్కడ?

మా ఇంట్లో నేను స్కూబా డైవర్‌ని. మావారు స్నార్కెలింగ్ వరకే. మాస్క్, ఫిన్స్ వేసుకుని నీటిపైన తేలుతూ కిందికి చూడటం ఆయనకు చాలు, ట్యాంకు కట్టుకుని దిగాలన్న కోరిక లేదు. డాలస్‌లో మాకు తెలిసిన జంటల్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. వెకేషన్ మాట రాగానే అందరూ అడిగేది ఒకటే: ఇద్దరికీ నచ్చే చోటు ఏది? అలా అడిగేవాళ్లకు నేను చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు స్నార్కెలర్‌ని చూసి ఎంచుకోండి

సాధారణంగా డైవర్ మంచి డైవ్ సైట్లు వెతికి టికెట్లు కొంటారు, రెండోవాళ్లు సర్దుకుపోతారు. నేను చెప్పేది దీనికి తలకిందులు. రీఫ్ ఉన్న ఏ ఉష్ణమండల దీవిలోనైనా డైవర్‌కి ఏదో ఒక మంచి డైవ్ దొరుకుతుంది. స్నార్కెలర్‌కి అలా కాదు. రీఫ్ 40 అడుగుల లోతులో మొదలైతే పైనుంచి వివరంగా ఏమీ కనపడదు. కాబట్టి ఒడ్డు నుంచి ఈదగలిగే దూరంలో, 5 నుంచి 15 అడుగుల లోతులో పగడాలు ఉన్న చోటు ముందు చూడండి.

ఇందులో స్నార్కెలర్‌కి జరిగే అన్యాయం కూడా ఏమీ లేదు. నీటిలో లోతుకు వెళ్లేకొద్దీ ముందుగా మాయమయ్యేది ఎరుపు రంగు. 60 అడుగుల దగ్గర టార్చ్ వేయకపోతే ఎర్ర పగడం కూడా బూడిద రంగులోనే కనిపిస్తుంది. అసలు రంగులన్నీ పైనున్న కొద్ది అడుగుల్లోనే ఉంటాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: నేను నీళ్ల కింద ఉన్న ఆ 45 నిమిషాలు ఆయన్ని ఎవరు చూస్తారు? డైవర్ కింద నుంచి పైనున్న మనిషిని కనిపెట్టుకుని ఉండటం కుదరదు. హవాయిలో నీట మునిగి చనిపోయే సందర్శకుల్లో ఎక్కువమంది స్నార్కెలింగ్ చేస్తున్నవాళ్లే. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీటిలోనూ ఇవి జరుగుతాయి. పైనుంచి చూస్తే తేలుతున్నవాళ్లకీ, ప్రమాదంలో ఉన్నవాళ్లకీ తేడా తెలియదు. కాబట్టి చోటు ఎంచుకోవడమంటే ఈ ప్రశ్నకు జవాబు ఉన్న చోటు ఎంచుకోవడమే.

ఏ చోటు ఎలా ఉంటుంది

హవాయి: ఇద్దరూ ఒకే బోటులో వెళ్లి ఒకే దృశ్యం చూడాలంటే నా మొదటి ఓటు బిగ్ ఐలాండ్‌లోని కోనాకే. అక్కడ రాత్రిపూట నీటిలో లైట్లు వేస్తారు. ఆ వెలుగుకు చేరే ప్లాంక్టన్‌ను తినడానికి మాంటా రేలు వస్తాయి. డైవర్లు అడుగున కూర్చుని పైకి చూస్తారు, స్నార్కెలర్లు లైట్లు బిగించిన బోర్డు పట్టుకుని తేలుతూ కిందికి చూస్తారు. గైడ్ పక్కనే ఉంటారు. మావీ దగ్గరి మొలోకిని అర్ధచంద్రాకారంలో ఉన్న అగ్నిపర్వత బిలం. లోపలి వైపు స్నార్కెలింగ్‌కి బాగుంటుంది, బయటి వైపు నిటారు గోడ అనుభవం ఉన్న డైవర్లకు. ఇద్దరినీ తీసుకెళ్లే బోట్లు ఉన్నాయి. ఉదయం ట్రిప్పే తీసుకోండి, మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది.

బొనేర్: వెనెజువెలాకు ఉత్తరాన ఉన్న డచ్ దీవి. ఇక్కడ డైవింగ్ ఎక్కువగా ఒడ్డు నుంచే. రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్లపై సైట్ పేరు ఉంటుంది, పికప్ ట్రక్కు ఆపి దిగడమే. చాలా సైట్లలో ఒడ్డు దగ్గర లోతు తక్కువ, ఆ తర్వాత రీఫ్ ఏటవాలుగా కిందికి వెళ్తుంది. స్నార్కెలర్ పైభాగంలో, డైవర్ వాలు మీద ఉండొచ్చు. తుపానుల దారికి దక్షిణంగా ఉండటం ఇంకో సౌకర్యం. కాకపోతే ఒడ్డంతా పగడపు రాళ్లు, గట్టి అడుగున్న బూట్లు కావాలి. లైఫ్‌గార్డు ఉంటారని అనుకోవద్దు. అందుకే మేము అక్కడ పాటించే పద్ధతి: పొద్దున ఒక డైవ్ నాది, ఆ సమయంలో ఆయన ఒడ్డునే. తర్వాత ఇద్దరం కలిసి స్నార్కెలింగ్.

కోజుమెల్: డైవర్‌కి ఎంత బాగుంటుందో, స్నార్కెలర్ విషయంలో అంత జాగ్రత్త కావాలి. ఇక్కడ ప్రవాహం బలంగా ఉంటుంది. డైవర్లు ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ చూస్తారు, బోటు పైన వెంబడిస్తుంది. ఆ బోటులో స్నార్కెలర్‌ని ఎక్కిస్తే రెండు గంటలు కూర్చోవడమే. వాళ్లకు గైడ్ ఉన్న విడి స్నార్కెల్ బోటు మాట్లాడండి, లేదా చంకనాబ్ పార్కు లాంటి చోటికి పంపండి. ఎల్ సియెలో దగ్గర ఇసుక మీద నక్షత్ర చేపలు కనిపిస్తాయి. చూడండి కానీ నీటిలోంచి పైకి తీయొద్దు.

గ్రాండ్ కేమన్: డైవర్‌కి నిటారుగా దిగే గోడలు, స్నార్కెలర్‌కి స్టింగ్‌రే సిటీ దగ్గరి ఇసుకదిబ్బ. నడుము లోతు నీటిలో రేల మధ్య నిలబడొచ్చు కాబట్టి ఈత రానివాళ్లకు కూడా ఆ అనుభవం దక్కుతుంది. 2011లో కావాలని ముంచిన కిట్టివేక్ అనే ఓడ ఒడ్డుకు దగ్గర్లోనే ఉంది. నీరు తేటగా ఉన్న రోజు పైనుంచి కూడా కనిపిస్తుంది.

మాల్దీవులు: ఇక్కడ వెతకాల్సిన మాట ‘హౌస్ రీఫ్’. అంటే రిసార్ట్ దీవి చుట్టూ మెట్లు దిగి ఈదగలిగే రీఫ్. అన్ని దీవులకూ ఇది బాగుండదు. కొన్నిచోట్ల విల్లా ముందు ఇసుక లగూన్ మాత్రమే ఉంటుంది. బుక్ చేసే ముందే రాసి అడగండి. బా అటోల్‌లోని హనీఫారు బేలో స్కూబాకు అనుమతి లేదు, స్నార్కెలింగ్ మాత్రమే. మాంటాల సీజన్ సుమారుగా మే నుంచి నవంబరు. అంటే డైవర్ కూడా ట్యాంకు పక్కన పెట్టాల్సిందే.

అండమాన్: ఇండియా ట్రిప్‌లో నాలుగు రోజులు మిగిలితే ఇది చూడండి. స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్, డైవింగ్‌కి పేరున్నది. స్నార్కెలింగ్‌కి అక్కడే ఎలిఫెంట్ బీచ్ ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. శ్రీ విజయపురంలో, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌లో, తెలుగు బాగానే వినిపిస్తుంది, అమ్మానాన్నలను తీసుకెళ్లినా ఇబ్బంది ఉండదు.

వీసా సంగతి

హెచ్-1బి మీద ఉండి, పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్లు సాధారణంగా కరీబియన్ దీవులకు వెళ్తే తిరిగి రావడానికి కొత్త స్టాంపింగ్ కావాలి. వాళ్లకు హవాయి, ప్యూర్టోరికో, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ మంచివి. సెయింట్ జాన్‌లోని ట్రంక్ బేలో నీటి అడుగున బోర్డులతో స్నార్కెల్ దారి కూడా ఉంది. అయితే వర్జిన్ ఐలాండ్స్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది, పాస్‌పోర్టు, ఐ-797 దగ్గర ఉంచుకోండి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకు మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. మాల్దీవులు దాదాపు అన్ని దేశాల పర్యాటకులకూ దిగగానే ఉచిత వీసా ఇస్తాయి. మిగతా చోట్ల నియమాలు టికెట్ కొనకముందే చూసుకోండి.

ఆరోగ్యం, బీమా, తిరుగు విమానం

డైవ్ షాపులో మెడికల్ ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, షుగర్, బీపీ లాంటివాటి గురించి అందులో అడుగుతారు. కొన్నిటికి ‘అవును’ అని రాస్తే డాక్టరు సంతకం కావాలి. దీవిలో ఆ సంతకం కోసం పరుగెత్తడం కంటే ఫారం ఇంట్లోనే ప్రింట్ తీసి మీ డాక్టరుకు చూపించండి. డైవ్ ఎలాగైనా చేయాలని ‘లేదు’ అని మాత్రం రాయొద్దు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉంటే స్నార్కెలర్ కూడా డాక్టరుతో మాట్లాడాలి.

డైవింగ్ ప్రమాదాలకు మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ సరిపోతుందని అనుకోవద్దు. నేను డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ద్వారా విడిగా బీమా తీసుకుంటాను. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది ఆ సంస్థ సూచన. ఆఖరి రోజంతా స్నార్కెలింగ్‌కి వదిలేయండి, ఆ రోజు ఇద్దరూ కలిసే ఉంటారు. కొండలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. మావీలో హలేయకలా శిఖరం 10,000 అడుగుల పైనే. డైవ్ చేసిన రోజు అక్కడికి కారులో వెళ్లొద్దు.

ఆపరేటర్‌ని అడగాల్సినవి

ఇద్దరినీ ఒకే బోటులో తీసుకెళ్తారా? తీసుకెళ్తే స్నార్కెలర్‌తో నీటిలో గైడ్ దిగుతారా, లేక బోటు పైనుంచి చూస్తారా? ఆ సైట్‌లో పగడాలు ఎంత లోతులో మొదలవుతాయి? ప్రవాహం ఎలా ఉంటుంది? ఫ్లోటింగ్ వెస్ట్ ఇస్తారా? ఈ ఐదింటికీ సూటిగా జవాబు రాకపోతే వేరే షాపు చూసుకోండి.

ఈత అంతంత మాత్రంగా వచ్చినవాళ్లు వెళ్లే ముందు రెండు మూడు నెలలు దగ్గరి పూల్‌లో మాస్క్‌తో ఊపిరి తీయడం, మాస్క్‌లోకి వచ్చిన నీళ్లు బయటికి పంపడం అలవాటు చేసుకోవాలి. కళ్లజోడు మీద మాస్క్ కూర్చోదు, కాబట్టి పవర్ ఉన్న మాస్క్ ముందే కొనుక్కోవాలి. హవాయిలో, బొనేర్‌లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ అమ్మకంపై 2021 నుంచి నిషేధం ఉంది. పొడుగు చేతుల రాష్‌గార్డ్ వేసుకుంటే సన్‌స్క్రీన్ అవసరం చాలావరకు తగ్గుతుంది.

మొదటిసారి ఇద్దరూ కలిసి వెళ్తుంటే నేను కోనా పేరే చెబుతాను. స్నార్కెలర్‌కి ఒడ్డు రీఫ్ అలవాటై, ఒంటరిగా కాకుండా తోడుతో ఈదే క్రమశిక్షణ వచ్చాక బొనేర్ వెళ్లండి. ప్రవాహం ఉన్న కోజుమెల్ ఆ తర్వాత చూసుకోవచ్చు.