చెఱసాలలోని రాజకవి

1406వ సంవత్సరమున స్కాట్లండు యువరాజు జేమ్సు ఓడలో ఫ్రాన్సునకు పోవుచు ఆంగ్లేయులకు చిక్కెను. అప్పటి కాతని వయస్సు 11 ఏండ్లు. కొలది దినములకే తండ్రి మూడవ రాబర్టు మరణించుటచే బాలుడు బందీగానే రాజయ్యెను. 18 ఏండ్లు పరదేశమున గడపి, 1424లో ఆంగ్లరాజబంధువైన జోన్ బోఫర్టును వివాహమాడి, విడుదలనంది స్వదేశమునకు మరలెను.

ఈ చెఱయే 'కింగిస్ క్వేర్' అను కావ్యమునకు వస్తువు. క్వేర్ అనగా చిన్న పొత్తము. బందీ గవాక్షమునుండి ఉద్యానమున విహరించు సుందరిని చూచి వలచును. స్వప్నమున వీనస్, మినర్వా దేవతలను, భాగ్యదేవతను దర్శించును. ఏడేసి పాదముల పద్యములు 197 కలవు. ఛందస్సు చాసరుది; భాష స్కాట్లండుది, ఆంగ్లచ్ఛాయలు లేకపోలేదు. తన్ను చెఱపట్టిన దేశపు కవులను, గోవరును చాసరును, కావ్యాంతమున గురువులని కీర్తించుట గమనింపదగినది.

ఇది నిజముగా రాజకృతమేనా? ఆక్స్‌ఫర్డునందలి ఒకేయొక వ్రాతప్రతి మనకాధారము. అదియును 1437లో రాజు హతుడైన సుమారు ఏబదియేండ్లకు వ్రాయబడినది. కర్తృత్వమును చెప్పు గద్య లేఖకుడు చేర్చినదే. సందేహించిన పండితులు కలరు. కాని బందీ తన నిష్క్రియతను తలపోయు పద్యములలోని సూటిదనము ఆస్థానకవి ఊహకు అందునది కాదని నా తలంపు.

ఆతని మునిమనుమడు నాలుగవ జేమ్సు కవిపోషకుడు. డన్బారునకు 1500లో ఏటికి 10 పౌనుల భరణ మొసగెను. 1513 జులైలో గావిన్ డగ్లస్ వర్జిలు 'ఈనియడ్'ను స్కాట్ భాషలో పూర్తిచేసెను. సెప్టెంబరు 9న ఫ్లాడెన్ రణమున రాజు కూలెను. పిదప డగ్లస్ రచించిన కావ్యము వేఱొకటి కానరాదు.